మబ్బును చూచి ముంతలోని నీళ్లు: షరతు సంభావ్యతను గూర్చి యొక పాఠము

గత వర్షాకాలమున నొకనాటి యుదయమున ప్రార్థన ముగిసి తొమ్మిదవ తరగతి పిల్లలు గదిలోనికి వచ్చునప్పటికి ఆకాశమున దట్టముగా మబ్బు క్రమ్మియుండెను. ఆ సాయంకాలము మైదానమున బంతియాట పందెము జరుగవలసి యుండెను. ఒక విద్యార్థి లేచి, "మాస్టరుగారూ, నేడు పందెము జరుగదండి, వాన తప్పక వచ్చునండి" అనెను. ఎట్లు చెప్పగలవని యడిగితిని. అతడు తడవుకొనక, "వాన వచ్చిన దినములలో పదింటికి ఎనిమిది దినములు ఉదయమున మబ్బు ఉండుట నేను చూచితినండి. నేడు మబ్బు ఉన్నది. కాబట్టి పదింటికి ఎనిమిది పాళ్లు వాన వచ్చునండి" అని బదులు చెప్పెను. తరగతి యంతయు ఔనని తల యూచెను.

ఆ బాలుని మాట నాకు సంతోషమును గలిగించెను. కొంత చింతను గూడ గలిగించెను. ఆకాశమును చూచి, దినములను లెక్కించి, ఆ లెక్కను బట్టి మాటాడినందుకు సంతోషము. లెక్క సరిగా నుండియు దానినుండి తీసిన ఫలితము సరిగా లేకపోయినందుకు చింత. ఆనాటి సాయంకాలము వాన కురియలేదు; పందెము జరిగెను. అయినను వాన రానందున అతని తర్కము తప్పయ్యెనని యెవరును తలంపరాదు. వాన కుండపోతగా కురిసియున్నను ఆ తర్కము తప్పే. ప్రశ్నను వేసికొనిన తీరులోనే తప్పున్నది. అట్టి తప్పును పిల్లలే గాక పెద్దలును చేయుదురు. ఒక్కొక్కప్పుడది ప్రాణముల మీదికిని వచ్చును. కావున ఆ దినమున తరగతిలో చెప్పిన పాఠమును కొంత విరివిగా నిచట వ్రాయుచున్నాను. భిన్నములను గుణించుటయు భాగించుటయు తెలిసిన వారందరును దీనిని గ్రహింపవచ్చును.

సంభావ్యత యననేమి?

ఒక సంగతి జరుగునో జరుగదో నిశ్చయముగా తెలియనప్పుడు, అది జరుగుటకు గల యవకాశమును సంఖ్యతో దెలుపుటకు సంభావ్యత యని పేరు. ఎన్నటికిని జరుగని దాని సంభావ్యత సున్న. తప్పక జరుగు దాని సంభావ్యత ఒకటి. మిగిలినవన్నియు ఈ రెంటి నడుమ నుండు భిన్నములు. నూటికి ఇన్ని పాళ్లని చెప్పుటయు నదియే.

వాతావరణ విషయమున సంభావ్యతను దెలిసికొనుటకు సులభమైన మార్గము లెక్కించుట. అయితే లెక్కించుటకు ముందు దేనిని లెక్కించుచున్నామో నిర్ణయించుకొనవలెను. నాలుగు చినుకులు పడిన దినము వాన దినమగునా? భారత వాతావరణ శాఖవారు ఇందుకొక నియమమును పెట్టుకొనిరి. ఉదయము ఎనిమిదిన్నర గంటలకు వర్షమాపకమును జూచి, గడచిన 24 గంటలలో 2.5 మిల్లీమీటర్లు గాని అంతకు మించి గాని కురిసియున్నచో దానిని వాన దినముగా నెంచుదురు. మనమును ఆ కొలతనే గ్రహింతము.

ఇక నొక బాలుడు వర్షాకాలమున నూరు దినములు వరుసగా, ఉదయమున మబ్బు కలదో లేదో చూచి పుస్తకమున వ్రాసికొని, ఆ దినమున వాన కురిసెనో లేదో గూడ దాని ప్రక్కనే వ్రాసెననుకొందము. లెక్క తేలికగా నుండుటకై ఈ సంఖ్యలను నేనే కల్పించితిని. మీ యూరి సంఖ్యలు వేఱుగా నుండును. అతని పుస్తకములోని మొత్తములు ఇట్లున్నవి:

ఉదయము మబ్బు ఉండి, వాన కురిసినవి: 24 దినములు
ఉదయము మబ్బు ఉండి, వాన కురియనివి: 28 దినములు
ఉదయము మబ్బు లేక, వాన కురిసినవి: 6 దినములు
ఉదయము మబ్బు లేక, వాన కురియనివి: 42 దినములు
మొత్తము: 100 దినములు

వాన దినములు 24, 6 కలిసి 30. కావున ఆకాశమును చూడకయే "నేడు వాన వచ్చునా?" యని యెవరైన నడిగినచో, సంభావ్యత నూటికి 30 అని చెప్పవచ్చును.

రెండు ప్రశ్నలు

మన విద్యార్థి చెప్పిన మాటను ఇప్పుడు పరీక్షింతము. వాన కురిసిన దినములు 30. వానిలో ఉదయము మబ్బు ఉన్నవి 24. ఇరువదినాలుగును ముప్పదిచే భాగించినచో పదింట ఎనిమిది వచ్చును. అతడు చూచినది నిజమే.

కాని ఆనాటి యుదయమున మనకు తెలిసినది వాన కాదు, మబ్బు. వాన వచ్చునో రాదో తెలియకయే గదా అడుగుచున్నాము! కావున మనము చూడవలసినవి వాన కురిసిన 30 దినములు కావు. మబ్బు పట్టిన 52 దినములు. ఈ 52 దినములలో వాన కురిసినవి 24. ఇరువదినాలుగును ఏబదిరెంటిచే భాగించినచో 6/13, అనగా నూటికి సుమారు 46 వచ్చును. మబ్బును చూచి వాన వచ్చునని పందెము కాయువాడు సగము కంటె నెక్కువ మాఱులు ఓడిపోవును!

చూడుడు: పైనున్న సంఖ్య రెండు లెక్కలలోను 24 యే. మాఱినది క్రింది సంఖ్య. "వాన కురిసిన దినములలో మబ్బు పట్టినవి యెన్ని?" అనునది ఒక ప్రశ్న. "మబ్బు పట్టిన దినములలో వాన కురిసినవి యెన్ని?" అనునది మఱియొక ప్రశ్న. మాటలు తారుమాఱైనవి గాని సంగతి యొకటే యని తోచును. కాని మొదటి దానికి జవాబు నూటికి 80, రెండవదానికి 46.

ఒక సంగతి యిదివఱకే జరిగినదని తెలిసినప్పుడు, మఱియొక సంగతి జరుగుటకు గల సంభావ్యతను షరతు సంభావ్యత యందురు. ఇచట మబ్బు షరతు. వాన మనము కోరు సంగతి. దీనికి సూత్రమిది: రెండును కలిసి జరిగిన దినముల సంఖ్యను, షరతు నెఱవేఱిన దినముల సంఖ్యచే భాగింపవలెను. షరతు నెఱవేఱని దినములను పూర్తిగా విడిచిపెట్టవలెను. కావున సంభావ్యతను గూర్చిన మాట యేది విన్నను, మొట్టమొదట "ఏ దినములలో నెన్ని?" అని యడుగుట మీకు అలవాటు గావలెను.

వేసవిలోని మబ్బు

ఇక మఱియొక చిత్రము. అదే బాలుడు వానలు చాల తక్కువగానుండు నెలలలో మఱి నూరు దినములు వ్రాసెననుకొందము. అప్పుడు వాన దినములు 5 మాత్రమే. వానిలో 4 దినములు ఉదయము మబ్బు ఉండెను. అనగా పదింటికి ఎనిమిదియే, వర్షాకాలమున నున్నట్లే. వాన లేని 95 దినములలో 38 దినములు మబ్బు ఉండెను. ఇదియు పదింటికి నాలుగు, వర్షాకాలపు 70 పొడి దినములలో 28 ఉన్నట్లే.

ఇప్పుడు మబ్బు పట్టిన దినములు 42. వానిలో వాన కురిసినవి 4. సంభావ్యత 2/21, అనగా నూటికి పది కంటెను తక్కువ. మబ్బు అదియే; వానతో దానికున్న చుట్టఱికమును అదియే; అయినను వర్షాకాలమున నూటికి 46 పాళ్లు ఆశ చూపిన మబ్బు, వేసవిలో పది పాళ్లయినను చూపలేదు. ఏల? వేసవిలో వాన దినములే అరుదు. అరుదైన దానికి గుర్తు కనబడినంత మాత్రమున అది సామాన్యమైనది కాజాలదు.

"మబ్బును చూచి ముంతలోని నీళ్లు ఒలకబోసికొన్నట్లు" అని మన పెద్దలు చెప్పు సామెత యందరును ఎఱిగినదే. ముంతను ఒలకబోసినవాడు "వాన వచ్చుటకు ముందు మబ్బు పట్టును" అను నిజమునే నమ్మెను. "మబ్బు పట్టినప్పుడెల్ల వాన వచ్చును" అని దానిని తలక్రిందులుగా చదువుకొనుటయే అతని పొరపాటు.

ఈ తలక్రిందుల ప్రశ్నకు సరియైన జవాబు తీయు మార్గమును గణితరూపమున విచారించిన వారిలో మొదటివాడు థామస్ బేయిస్ అను ఆంగ్లేయుడు. ఆయన టన్‌బ్రిడ్జ్ వెల్స్ అను పట్టణమున ప్రెస్బిటేరియన్ సంఘమునకు బోధకుడు. 1761లో ఆయన మరణించిన పిదప, స్నేహితుడును తానును బోధకుడునైన రిచర్డ్ ప్రైస్ ఆ వ్యాసమును ఆయన కాగితములలో కనుగొని, 1763వ సంవత్సరము డిసెంబరులో లండనులోని రాయల్ సొసైటీ యెదుట చదివించెను. తరువాత ఫ్రెంచి గణితజ్ఞుడు లాప్లాసు 1774లో దానినే స్వతంత్రముగా కనిపెట్టి విస్తరింపజేసెను. మన లెక్కలో బేయిస్ సూత్రమిట్లుండును: వాన దినముల పాలు 30/100, దానిని వాన దినములలో మబ్బు పాలగు 24/30 చే గుణించి, మబ్బు దినముల పాలగు 52/100 చే భాగించినచో 24/52 వచ్చును. మనము దినములను లెక్కించి పొందినదియు నదియే. విద్యార్థి తన 24/30 వద్దనే ఆగిపోయెను. అటనుండి వేయవలసిన అడుగులు ఇంకను రెండున్నవి.

మూడు దినముల ఎండ

షరతు సంభావ్యతతో గుణకారము గూడ చేయవచ్చును. వేరుసెనగ చెట్లను పీకి పొలములో ఎండబెట్టదలచిన రైతునకు వరుసగా మూడు పొడి దినములు కావలెననుకొందము. మన వర్షాకాలపు పుస్తకమున నూటికి 70 పొడి దినములు గదా! ఏడు పదులను మూడు మాఱులు గుణించినచో 343/1000, అనగా నూటికి 34 అని తొందరపడి చెప్పవచ్చును. అది తప్పు. నేటి వాతావరణము మఱునాటి దానిని విడిచిపెట్టి పోదు. ఎండ వెంట ఎండయు, వాన వెంట వానయు వచ్చుట తఱచు.

ఆ పుస్తకములోని ప్రతి దినమును దాని మఱునాటితో జతపఱచి చూచితిమనుకొందము. నూరు జతలలో: పొడి వెంట పొడి 56, పొడి వెంట వాన 14, వాన వెంట పొడి 14, వాన వెంట వాన 16. ఒక దినము పొడిగా నున్నదని తెలిసినప్పుడు మఱునాడును పొడిగా నుండు సంభావ్యత 56/70, అనగా పదింట ఎనిమిది. కావున రేపు పొడియగుటకు 7/10. రేపు పొడియైనచో ఎల్లుండియు పొడియగుటకు 8/10. ఆ మఱునాడును పొడియగుటకు మఱల 8/10. మూడింటిని గుణించినచో 448/1000. నూటికి 34 గాదు, సుమారు 45. ఒక్క సంగతిని మఱచినందున పదునొకండు పాళ్లు పోగొట్టుకొంటిమి. (రెండవ దినపు సంగతి తెలిసినచో మొదటి దినము మూడవదానికి క్రొత్తగా నేమియు చెప్పదని యిచట భావించితిమి.)

నూటికి ముప్పది

ఈ దినములలో రేడియోలోను, సెల్‌ఫోనులోను "రేపు వాన వచ్చుటకు నూటికి ముప్పది పాళ్లు" అను మాట వినబడుచున్నది, కనబడుచున్నది. దీని యర్థమేమి? ఇట్లు చెప్పిన దినములన్నిటిని ప్రోగుచేసి చూచినచో, వానిలో పదింటికి మూడు దినములు వాన కురిసియుండవలెను. అంతియే గాని, రేపు వాన రాదని కాదు.

నేను లెక్కల ఉపాధ్యాయుడనై యుండియు ఈ విషయమున నొకమాఱు తెలివితక్కువ పని చేసితిని. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మా యమ్మగారు డాబామీద ఎండుమిరపకాయలు పోసియుండిరి. రాత్రికి వానిని ఎత్తవలెనా యని ఆమె యడుగగా, ఫోను చూచి, "ముప్పదియే గదమ్మా, ఫరవాలేదు" అంటిని. తెల్లవాఱుజామున వాన కురిసి కాయలన్నియు తడిసెను. నేను సూచన చెప్పినవారిని నిందింపసాగితిని. ఆమె తడిసిన కాయలను చాటలోనికి ఎత్తుచు, "ముప్పై అంటే సున్నా కాదు గదరా నాయనా" అని మాత్రము అనెను. ట్రెయినింగు కళాశాలలో నేర్చినదానిని ఆ యుదయమున మఱల నేర్చుకొంటిని.

కాయలను ఎత్తవలెనా వద్దా యను ప్రశ్నకు సంభావ్యత యొక్కటియే జవాబు గాదు. ఎత్తుటకగు శ్రమ యెంత, ఎత్తకున్న కలుగు నష్టమెంత యని గూడ చూడవలెను. ఉదాహరణకు వేరుసెనగ కుప్పమీద కప్పుటకు టార్పాలిను అద్దె 200 రూపాయలనియు, తడిసినచో నష్టము 6000 రూపాయలనియు అనుకొనుడు. రెండువందలను ఆరువేలచే భాగించినచో 1/30. వాన సంభావ్యత దీనిని మించినప్పుడెల్ల కప్పుటయే లాభము. ముప్పది మాఱులలో ఇరువదితొమ్మిది మాఱులు అద్దె వృథాయైనను, ఒక్కమాఱు కుప్ప దక్కినచో లెక్క సరిపోవును.

ఫిన్లీ చేసిన సూచనలు

ఇదివఱకు చెప్పినవి కల్పించిన సంఖ్యలు. ఇప్పుడు నిజముగా జరిగిన యొక కథను చెప్పెదను. అమెరికా సంయుక్త రాష్ట్రముల మధ్యభాగమున టొర్నేడో యను మిక్కిలి భయంకరమైన సుడిగాలి పుట్టి, త్రోవలోని యిండ్లను పెకలించివేయుచుండును. ఆ దేశపు సైన్యమున సిగ్నల్ సర్వీసు అను విభాగమున జాన్ ఫిన్లీ యనునతడు 1884వ సంవత్సరమున టొర్నేడోలను ముందుగా తెలుపుటకు పూనుకొనెను. ఒక్కొక్క ప్రాంతమునకు "టొర్నేడో వచ్చును" అని గాని, "రాదు" అని గాని చెప్పుచు మొత్తము 2803 సూచనలు చేసెను. వాని ఫలితమిది:

వచ్చునని చెప్పగా వచ్చినవి: 28
వచ్చునని చెప్పగా రానివి: 72
రాదని చెప్పగా వచ్చినవి: 23
రాదని చెప్పగా రానివి: 2680

ఫిన్లీ 28ని 2680తో కూడి, 2708 సూచనలు నిజమైనవి గావున తన సూచనలు నూటికి 96.6 పాళ్లు సరియైనవని ప్రకటించెను. గ్రోవ్ కార్ల్ గిల్బర్ట్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు అదే సంవత్సరమున దీనిని పరిశీలించి, ఒక చిన్న సంగతిని చూపెను. ఒకడు ఆకాశమువంక చూడక, ప్రతిదినమును "నేడు టొర్నేడో రాదు" అని కండ్లు మూసికొని చెప్పియున్నచో, 2803లో 2752 మాఱులు సరియగును. అనగా నూటికి 98.2! ఏమియు చేయనివాడు కష్టపడినవానికంటె నెక్కువ మార్కులు తెచ్చుకొనుచున్నాడు.

అట్లయిన ఫిన్లీ శ్రమ వ్యర్థమా? ఇచటనే మన షరతు సంభావ్యత తోడ్పడును. "ఏ దినములలో నెన్ని?" అని యడుగుదము. ఫిన్లీ వచ్చునని చెప్పిన 100 మాఱులలో టొర్నేడో వచ్చినవి 28. కావున హెచ్చరిక యుండగా సంభావ్యత నూటికి 28. "నూటికి 72 అబద్ధములు" అని పెదవి విఱువ వచ్చును. కాని హెచ్చరిక యను షరతు లేకుండ చూచినచో 2803లో వచ్చినవి 51; అనగా నూటికి రెండును లేవు, 1.8 మాత్రమే. హెచ్చరిక వినబడినంతనే అపాయము సుమారు పదునైదు రెట్లు పెరిగినది. రాదని చెప్పిన 2703 మాఱులతో పోల్చినచో సుమారు ముప్పదిమూడు రెట్లు. మఱియొక వైపునుండి చూచినచో, వచ్చిన 51 టొర్నేడోలలో 28 ముందుగా చెప్పబడినవి, 23 తప్పిపోయినవి. ఏమియు చేయని వాడు 98.2 మార్కులు తెచ్చుకొనినను, వచ్చిన 51 టొర్నేడోలలో నొక్కదానిని గూడ ముందుగా చెప్పజాలడు. ఒక్క ప్రాణమును గూడ కాపాడజాలడు.

"పోయినమాఱు చెప్పిరి, రాలేదు"

ఈ పాఠమును మన తీరమునకు తీసికొని వత్తము. 1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీన ఉప్పెన మచిలీపట్టణమును ముంచగా సుమారు ముప్పదివేల మంది చనిపోయిరి. అప్పటికి మన దేశమునందంతటికి నొక వాతావరణ శాఖ లేదు. అది 1875లో నేర్పడెను. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమ ఉప్పెనలో సుమారు పదివేల మంది పోయిరి. 1999 అక్టోబరు 29న ఒడిశా తీరమును తాకిన పెను తుపానులోను దాదాపు అంతమంది పోయిరి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను అదే ఒడిశా తీరమును గోపాలపురము సమీపమున తాకెను. అంతకు ముందే ఒడిశాలోను ఉత్తరాంధ్రములోను సుమారు పది లక్షల మందిని ఎత్తైన చోట్లకును తుపాను ఆశ్రయములకును తరలించిరి. ప్రాణనష్టము నూటికి లోపే. తుపానులన్నియు నొక్కతీరువి కావు గాని, ఈ భేదమునకు ముఖ్య కారణము హెచ్చరికయు, దానిని విని కదలిన కాళ్లును.

ఇంతయు తెలిసియు, తీర గ్రామములలో కదలని వారుందురు. వారి మాట నొకటే: "పోయినమాఱును చెప్పిరి, రాలేదు." ఇది అబద్ధము గాదు. తుపాను సముద్రముమీద నుండగా అది తీరమును ఏ చోట దాటునో కచ్చితముగా తెలియదు. కావున హెచ్చరిక పొడవైన తీరమంతటికిని ఇయ్యవలసి వచ్చును. ఉప్పెన మాత్రము అంత మేర నంతటను సమానముగా రాదు. తుపాను తీరము దాటు చోటునకు కుడి పార్శ్వమున, అనగా మన తూర్పు తీరమున ఉత్తరపు వైపున, గాలి నీటిని నేలమీదికి నెట్టును. ఎడమ పార్శ్వమున అంతగా నెట్టదు. కావున హెచ్చరిక వినిన గ్రామములలో పెక్కింటికి ఉప్పెన రాకపోవుటయే సామాన్యము. అది హెచ్చరికలోని లోపము గాదు, దాని స్వభావము.

ఒక గ్రామమునకు పది హెచ్చరికలు రాగా ఒకమాఱు మాత్రమే నీరు వచ్చెననుకొందము. పెద్దాయన "పదింటికి తొమ్మిది వట్టివి" అనును. మనము "ఏ దినములలో నెన్ని?" అని యడుగవలెను. హెచ్చరిక యున్న దినములలో పదింటికి ఒకటి. హెచ్చరిక లేని దినములలో వేయింటికి ఒకటియైన లేదు. టార్పాలిను లెక్కను గూడ జ్ఞప్తికి తెచ్చుకొనుడు. ఒక రాత్రి ఆశ్రయములో చాపమీద పరుండుట యొక వైపు. ఇంటిల్లిపాది ప్రాణములు మఱియొక వైపు. పదింట ఒకటి గాదు, నూటికి ఒకటియైనను కదలవలసినదే. మఱియు "తొమ్మిది మాఱులు రాలేదు గావున పదియవమాఱు తప్పక వచ్చును" అనుటయు తప్పే. ఒడ్డునకు వచ్చు తుపానునకు పోయినమాఱు ఏమి జరిగెనో తెలియదు.

కావున పిల్లలారా, తీరగ్రామములనుండి వచ్చి వసతిగృహమున నుండు మీలో పలువురు సెలవులకు ఇండ్లకు పోయినప్పుడు, ఈ లెక్కను పెద్దలకు వివరింపుడు. వారి యనుభవమును వెక్కిరింపకుడు. వారు చూచినది నిజమే. భాగించిన సంఖ్య మాత్రమే వేఱు. తల్లిదండ్రులకు నాదొక విన్నపము: హెచ్చరిక వట్టిదైన మఱునాడు, పిల్లల యెదుట దానిని పరిహసింపకుడు. ఆ నవ్వును వారు పదియేండ్ల తరువాత గూడ జ్ఞాపకము పెట్టుకొందురు.

అభ్యాసము

1. వర్షాకాలపు పుస్తకమున, ఉదయము మబ్బు లేదని తెలిసినప్పుడు వాన కురియు సంభావ్యత యెంత?

2. అదే పుస్తకపు జతలలో, నేడు వాన కురిసినదని తెలిసినప్పుడు రేపును వాన కురియు సంభావ్యత యెంత? ఏమియు తెలియనప్పుడు వరుసగా రెండు దినములు వాన కురియు సంభావ్యత యెంత?

3. ఒక బాలిక రాత్రివేళ కప్పల అఱపులను వ్రాసికొనెను. కప్పలు అఱచిన 40 రాత్రుల మఱునాళ్లలో 18 వాన దినములు; అఱవని 60 రాత్రుల మఱునాళ్లలో 12 వాన దినములు. (అ) కప్పలు అఱచినచో మఱునాడు వాన వచ్చు సంభావ్యత యెంత? (ఆ) వాన వచ్చిన దినమునకు ముందు రాత్రి కప్పలు అఱచియుండు సంభావ్యత యెంత? (ఇ) కప్పల అఱపు వానను గూర్చి మనకేమైన చెప్పుచున్నదా?

జవాబులు: 1. 1/8. 2. 8/15, 4/25. 3. (అ) 9/20. (ఆ) 3/5. (ఇ) చెప్పుచున్నది, అఱచినప్పుడు నూటికి 45, అఱవనప్పుడు 20, ఏమియు తెలియనప్పుడు 30.

ఇవి పుస్తకపు లెక్కలు. వీనికంటె మేలైనది మీరు స్వయముగా చేయు లెక్క. జూను నెలలో బడి తెఱచిన దినముననే నాలుగు గడులు గీసిన యొక పుస్తకమును ప్రారంభింపుడు: తేదీ, ఉదయపు మబ్బు, ఆ దినపు వాన, రేడియోలో చెప్పిన సూచన. ప్రతి దినమును వ్రాయుడు; వాన వచ్చిన దినములనే గాక, రాని దినములను గూడ తప్పక వ్రాయుడు. మనము మఱచిపోవునవి ఆ రాని దినములే. లెక్క చెడిపోవునది అచ్చటనే.

బంతియాట పందెము రాదనిన ఆ విద్యార్థి మఱునాడే అట్టి పుస్తకమును మొదలుపెట్టెను. సెలవులకు ముందు దానిని తెచ్చి నాకు చూపెను. మొదటి పుటపైన పెద్ద యక్షరములతో "ఏ దినములలో నెన్ని?" అని వ్రాసికొనియున్నాడు. వాన రాని దినములకు గూడ ఒక్క గడియైన ఖాళీగా విడువలేదు.